చల్లటి ఇంజను, ఒక నింద

నా ఉద్యోగ జీవితంలో నేను ఒకే ఒక్క మనిషిని పదిమంది ముందు దొంగ అన్నాను. అతను దొంగ కాదు. ఎన్ని ఇంజన్లు బాగుచేశావని ఎవరైనా అడిగితే నాకు లెక్క తోచదు గానీ, ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోవడానికి ఎన్నాళ్లు పట్టిందంటే ఠక్కున చెప్తాను. ఏడు నెలలు.

ఈ మధ్య షెడ్డుల్లో పనిచేసే పిల్లలు కొందరు నన్ను చూడటానికి వచ్చి, "మీ కాలంలో ఇంజను వేడి ఎంతుందో ఎట్ల తెలిసేది తాతా?" అని అడిగారు. చేత్తో అన్నాను. నవ్వారు. నవ్వండి నాయనా! మీ కళ్లెదుట ముల్లు తిరుగుతూ ఉంటుంది. మాకు ఉన్నది అరచెయ్యి. ఆ ఉన్నదాన్నయినా నేను సరిగ్గా వాడుకున్నానా అంటే, లేదు. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

అరవైల మొదటి సంవత్సరాలు. బళ్లారిలో ఆయిల్ ఇంజన్లు అమ్మి, బిగించి, చెడిపోతే బాగుచేసే ఒక దుకాణంలో నేను మెకానిక్కుని. కాపురం సత్యనారాయణపేటలో. దుకాణంలో నా పైన ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన్ని అందరం ఉస్తాద్ అనేవాళ్లం. చదువు రాదు, ఇంజను చప్పుడు విని దాని జబ్బు చెప్పేవాడు. నేను ఎనిమిదో తరగతి దాకా వెలగబెట్టినవాణ్ణి, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలను. అందుకని నాకు కాస్త కొమ్ములుండేవి.

తుంగభద్ర కాలువ పారడం మొదలై ఎన్నో ఏళ్లు కాలేదు. కృష్ణా, గోదావరి వైపు నుంచి రైతులు వచ్చి కాలువ కింద భూములు కొని, క్యాంపులనే కొత్త పల్లెలు వేసుకుని, వరి పెడుతున్నారు. అలా వచ్చిన ఒక రైతుకు పొలంలో కొంత భాగం మిట్ట మీద ఉండేది. కాలువ మిగులు నీళ్లు పారే వంక నుంచి మిట్టకు నీళ్లెక్కించడానికి మా దుకాణంలో కొత్త డీజిల్ ఇంజను కొన్నాడు. బిగించింది నేను. దాన్ని నడపడానికి ఆ పక్క ఊరి మనిషినే పెట్టుకున్నాడు. అప్పట్లో అలాంటివాణ్ణి ఇంజను డ్రైవరు అనేవాళ్లు. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు, నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. తాతల నాటి నుంచీ కూలి చేసుకు బతికిన ఇల్లు. ఆ ఇంట్లో మట్టి పని కాకుండా ఇంకో పని దొరికిన మొదటివాడు తనే. ఆ సంగతి చెప్పుకుని ఎంత మురిసిపోయేవాడో!

బిగించిన రోజున నేను చేసిన ఘనకార్యం వినండి. ఇంజను లోపల మంట మండే గొట్టాన్ని లైనరు అంటాం. దాని చుట్టూ నీళ్లు తిరిగి వేడి లాగెయ్యాలి. నేను పంపు తోడే నీళ్లలోంచే ఒక పైపు కలిపి, ఆ నీళ్లు ఇంజను చుట్టూ తిరిగి బయటికొచ్చి మడిలో పడేటట్టు పెట్టాను. ఎప్పటికప్పుడు కొత్త నీళ్లు, వంకలోంచి చల్లగా. పెట్టి, ఉపన్యాసం ఇచ్చాను.

"చూడప్పా, మన బళ్లారి ఎండ సంగతి నీకు తెలుసు కదా. ఇంజను ఎంత చల్లగా ఉంటే అంత ఆయుష్షు. నీళ్ల వాల్వు ఎప్పుడూ నిండుగా తెరిచి పెట్టు. వేడెక్కనిస్తే నీదే తప్పు."

"అంతే కదా మేస్త్రప్పా. బిడ్డ మాదిరి చూసుకుంటా," అన్నాడు డ్రైవరు.

ఇంజనుతో పాటు ఇంగ్లీషులో ఒక పుస్తకం వచ్చింది. దాన్ని ఎవరు చదువుతారు? ఫ్లైవీలు చక్రం కింద నిమ్మకాయ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఇంజనుతో పాటు ఆ పుస్తకానికీ పసుపు కుంకుమ పెట్టారు. ఎర్రగుడ్డలో చుట్టి రైతు ఇంట్లో దేవుడి గూట్లో పెట్టారు. మా దగ్గర అది మామూలే. ఏ ఇంజను పుస్తకమైనా దేవుడి దగ్గరికే పోయేది.

డ్రైవరు నా మాట తు.చ. తప్పలేదు. రేకుల షెడ్డు మీద వరిగడ్డి కప్పాడు. గోనెసంచులు తడిపి ఇంజను పక్కల కట్టాడు. నెల తర్వాత నేను చూడబోతే, ఇంజనులోంచి బయటికొచ్చే నీళ్లు గ్లాసుతో పట్టి నా చేతికిచ్చాడు.

"తాగి చూడు మేస్త్రప్పా. ఇంజను లోపలికి పోయొచ్చిన నీళ్లు. కడవలో నీళ్ల మాదిరి ఉండాయి!"

నిజంగానే చల్లగా ఉన్నాయి. గటగటా తాగేశాను. శెభాష్ అని భుజం తట్టాను. ఆ తర్వాత ఏ పల్లెకు పోయినా ఇతని పేరు చెప్పి, ఇంజను నడపడమంటే అదీ అని చెప్పుకుంటూ తిరిగాను. అంత తెలివి నాది.

పంట ఇంకా చేతికి రాలేదు, ఇంజను నీలం పొగ కక్కడం మొదలుపెట్టింది. నూనె తాగుతోంది, నీళ్లు సరిగ్గా ఎక్కించడం లేదని కబురొచ్చింది. పోయి చూశాను. రైతు నెత్తిన చెయ్యి పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు.

"కొత్త ఇంజనండీ బాబూ! ఒక్క పంటైనా లాక్కుండా ఇలా అయిపోతే నేనేం చెయ్యాలండీ? అక్కడ భూమి అమ్ముకుని ఇక్కడికొచ్చానండీ. చేను పొట్ట మీదుంది, ఇప్పుడు నీళ్లాగితే తాలే మిగులుద్ది."

విప్పాను. లైనరు లోపల బొటనవేలి గోరు పెట్టి కింది నుంచి పైకి లాగితే, పై అంచుకు కాస్త కింద గోరు తట్టుకుంది. అక్కడ మెట్టు పడింది. అంటే ఇనుము అంత లోతు అరిగిపోయింది. నాలుగైదేళ్లకు పడాల్సిన మెట్టు అది. కింద తొట్టెలో నూనె తీసి వేళ్ల మధ్య రాశాను. జిగురు లేదు, నీళ్లలా జారిపోతోంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిలు వాసన. నూనె పోసే మూత లోపల పసుపు పచ్చటి నురగ పేరుకుని ఉంది.

ఇక నాకు తీర్పు చెప్పడానికి ఎంత సేపు పట్టింది? ఒక బీడీ కాలేంత సేపు కూడా పట్టలేదు.

"దీంట్లో డీజిలు ఉండాది. మంచి నూనె ఎవరో తీసుకుని, కొలత తగ్గకుండా డీజిలు పోసినారు," అన్నాను.

"ఎవరో అంటే ఎవరండీ?" అన్నాడు రైతు.

"నూనె డబ్బా ఎవరి చేతిలో ఉంటే వాళ్లే."

కలుపు తీసే ఆడవాళ్లు చేతులాపి చూస్తున్నారు. పక్క పొలాల వాళ్లు ముగ్గురు నలుగురు వచ్చి నిలబడ్డారు. డ్రైవరు ముఖం పాలిపోయింది.

"ఏందప్పా నువ్వు చెప్పేది? నా బిడ్డల మీద ఆన, ఒక్క చుక్క నేను తీయలేదు."

"తీయకుంటే నూనె ఇట్ల యాల అయితాది? దొంగతనం చేసి దబాయిస్తాండావా?"

అతను ఇంజను మీద ఒలికిన నూనె మరకను భుజం మీది తువ్వాలుతో శుభ్రంగా తుడిచాడు. గోడకున్న షెడ్డు తాళంచెవి తీసి రైతు ముందు పెట్టి, గట్టు వెంబడి వెళ్లిపోయాడు.

దుకాణానికి వచ్చి ఉస్తాద్‌కు ఇదంతా చెప్పాను, గొప్పగానే.

"నువ్వు కండ్లతో చూసినావా, బేటా?" అన్నాడు ఉస్తాద్.

"చూసేదేముంది ఉస్తాద్, నూనే చెప్తాంది కదా."

"అచ్ఛా! నూనె దొంగ పేరు కూడా చెప్పిందా?"

నాకు ఒళ్లు మండింది. పెద్దాయనకు చాదస్తం పట్టిందనుకున్నాను.

కొత్త లైనరు, కొత్త రింగులు వేశాను. ఆ పంట ఎలాగో గట్టెక్కింది. రైతు మరో మనిషిని నమ్మలేక, ఇంజను తనే నడపడం మొదలుపెట్టాడు. నూనె డబ్బా ఇంట్లో పెట్టి తాళం వేసుకున్నాడు. నీళ్ల వాల్వు నిండుగా తెరిచే ఉంచమని నేను మళ్లీ చెప్పాను. ఆయనా నా మాట తప్పలేదు.

ఏడో నెల నడుస్తుండగా ఒక పొద్దున రైతు దుకాణంలో నా ముందు ఒక సీసా పెట్టాడు. సీసాలో ఇంజను నూనె. నల్లగా, పల్చగా, మూత తీస్తే డీజిలు వాసన.

"మేస్త్రీ గారూ, డబ్బా నా ఇంట్లో ఉంది. తాళంచెవి నా మొలతాడుకుంది. పోసింది నేను, నడిపింది నేను. మరిప్పుడు దొంగ నేనేనాండీ?"

ఉస్తాద్ పక్కనే బోల్టులు కడుగుతూ తల కూడా ఎత్తలేదు. ఎత్తి రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

అదే రోజు పోయి విప్పాను. గోరు మళ్లీ అక్కడే తట్టుకుంది. ఎందుకో తెలియదు. ఒక్కటే తెలుసు, ఆ మనిషి దొంగ కాదు. ఏ దిక్కున ఉన్నాడో, ఏం తింటున్నాడో!

మర్నాడు పొద్దున నా భార్య స్నానానికి బక్కెట్టు పెట్టి పిలిచింది. ధ్యాస లేకుండా చెయ్యి ముంచి, అబ్బా అని వెనక్కి లాక్కున్నాను.

"చూసుకోవద్దా? చన్నీళ్లు కలుపుకో. మిల్లు నీళ్లు, కాలుతాండాయి," అంది.

మా వెనక వీధిలో పిండిమిల్లు ఉండేది. దాని ఇంజను పక్కన నిలువెత్తు ఇనప డ్రమ్ము. డ్రమ్ములో నీళ్లు ఇంజనులోకి పోయి, వేడెక్కి, మళ్లీ డ్రమ్ములోకే వస్తాయి. ఆ వేడినీళ్లు రెండు బక్కెట్లు పట్టుకుని, బదులు రెండు బక్కెట్ల చన్నీళ్లు పోసి రావడం మా పేటలో ఆడవాళ్ల అలవాటు. కట్టెలు మిగిలేవి. మిల్లు పెట్టినప్పటి నుంచీ నేను ఆ నీళ్లే పోసుకుంటున్నాను.

"ఇంజను నీళ్లు ఇంత వేడిగా యాల ఉండాయి?" అన్నాను.

"బాగుండాది! ఇంజన్లు బాగుచేసేటోడు నువ్వు. నన్ను అడుగుతాండావా?"

అలాగే కూర్చుండిపోయాను. మిల్లు ఇంజనూ మా దుకాణందే. అదే రకం. అందులో పోసేదీ మా దుకాణంలోని అదే పీపాలో నూనె. నాలుగేళ్లుగా తిరుగుతోంది, పోయిన నెలలో ఉస్తాద్ విప్పి చూసి, లైనరులో మెట్టు లేదు పొమ్మన్నాడు. ఈ ఇంజను నీళ్లు ఒళ్లు కాల్చేస్తాయి. ఆ ఇంజను నీళ్లు నేను గ్లాసుతో తాగాను!

స్నానం మానేసి, చొక్కా గుండీలు పెట్టుకుంటూనే దుకాణానికి పరిగెత్తాను. ఉస్తాద్ అంతా విని, గడ్డం దువ్వుకుంటూ అడిగాడు.

"అన్నం ఉడికేటప్పుడు కుండ మీద చల్లటి మూత పెడితే ఏమయితాది?"

"మూత లోపల నీళ్లు పడతాయి."

"మరి లైనరు చల్లగా ఉంటే?"

అంతే పిల్లలూ, సంగతి అంతే. డీజిలు మండితే ఆవిరి పుడుతుంది. గొట్టం వేడిగా ఉంటే ఆ ఆవిరి పొగతో పాటు బయటికి పోతుంది. చల్లగా ఉంటే గోడలకు నీరై పడుతుంది. మూత లోపల నేను చూసిన పసుపు నురగ ఆ నీళ్ల పనే. డీజిలులో ఉండే గంధకం ఆ నీళ్లలో చేరి ఆమ్లమై ఇనుమును తింటుంది. చల్లటి ఇంజనులో డీజిలు పూర్తిగా మండదు కూడా. మండని డీజిలు గోడ మీది నూనె పొరను కడిగేసి, కింద తొట్టెలోకి జారి, ఉన్న నూనెను పల్చన చేస్తుంది. ఎవరూ తియ్యలేదు, ఎవరూ కలపలేదు. తొట్టెలో డీజిలు పోసింది ఇంజనే. దాని చేత పోయించింది నేను.

ఆ మధ్యాహ్నమే రైతు ఇంటికి పోయి, కాళ్లు కడుక్కుని, దేవుడి గూట్లో పుస్తకం అడిగి తీసుకున్నాను. పసుపుతో పేజీలు అంటుకుపోయి ఉన్నాయి. ఒక్కో పేజీ ఊడదీసి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పోతే దొరికింది. ఇంజను నుంచి బయటికి వచ్చే నీళ్లు వేడిగా ఉండాలి, చల్లగా నడపరాదు అని స్పష్టంగా అచ్చు వేసి ఉంది. ఎనిమిదో తరగతి చదివిన నా కొమ్ములు అక్కడే విరిగిపోయాయి.

రైతు అంతా విని, "అయితే ఆ మనిషి..." అని ఆగిపోయాడు.

"తీసుకొస్తాను," అన్నాను.

వాళ్ల ఊళ్లో విచారిస్తే, పెళ్లాం పిల్లలతో యశ్వంతనగర్ ఇనుప గనులకు పోయాడన్నారు. సండూరు దాకా ఒక బస్సు, అక్కడి నుంచి గనుల లారీలో ఇంకొంత దూరం. ఎర్రదుమ్ములో రాళ్లు పగలగొట్టే మనుషులందరూ ఒకే రంగులో ఉన్నారు. నేను పోల్చుకోలేకపోయాను. అతనే నన్ను చూసి సుత్తి దించాడు.

"ఏంది మేస్త్రప్పా, ఇంత దూరం వచ్చినావు? ఈడ ఇనుము కూడా నేనే ఎత్తుకపోయినానని చెప్పే దానికా?"

తల వంచుకుని అంతా చెప్పాను. మూత సంగతి, మిల్లు నీళ్ల సంగతి, పుస్తకం సంగతి. చివరికి, "తప్పు నాదప్పా. నువ్వు నేను చెప్పినట్లే చేసినావు. నువ్వు దొంగవు కావు," అన్నాను.

అతను తువ్వాలుతో ముఖం మీది ఎర్రదుమ్ము తుడుచుకున్నాడు.

"నేను దొంగ కాదని నాకు ముందే తెలుసు కదా. అది నాకు చెప్పే దానికి బస్సెక్కి రావల్లనా? తెలియనోళ్లకు చెప్పు. నా పెండ్లాం బావి కాడికి పోతే, నూనె ఉంటే కొంచెం ఇయ్యమ్మా అని నవ్వినారు. ఆ నవ్వినోళ్లకు చెప్పు. ఆపొద్దు ఎవరెవరు ఉండిరో, వాళ్లందరి ముందరా చెప్పు."

"చెప్తా."

"చెప్తే వస్తా. లేకుంటే ఈడనే సాకు, ఈ రాళ్లే చాలు నాకు."

అలా మళ్లీ ఆ గట్టు మీదికి చేరాం. రైతు కబురు పెట్టి అందరినీ పిలిపించాడు. కలుపు తీసిన ఆడవాళ్లు, పక్క పొలాల వాళ్లు, డ్రైవరు పెళ్లాం కూడా వచ్చి దూరంగా నిలబడింది. దొంగ అన్న రోజున మాత్రం గొంతు ఖంగుమని మోగింది, ఇప్పుడు ఒక్కో మాటా కూడబలుక్కోవలసి వచ్చింది.

"ఈయప్ప నూనె తీయలేదు," అన్నాను. "నూనె చెడింది నా వల్ల. చల్లగా ఉంచమని చెప్పింది నేను. దొంగ అని నోరు జారింది నేను. మీ అందరి ముందరా ఈయప్పను క్షమాపణ అడుగుతాండా."

రైతు ముందుకొచ్చి తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాడు. "నేనూ నమ్మానయ్యా ఆ మాట. నాదీ తప్పే."

డ్రైవరు పెళ్లాం కొంగుతో ముఖం కప్పుకుంది. అతను మాత్రం మామూలుగా, "ఊ, ఇంక ఇంజను సంగతి చెప్పు," అన్నాడు.

అసలు పరీక్ష అప్పుడే మొదలైంది. మూడో లైనరు వేశాను. ఇది కూడా పోతే దుకాణం నన్ను ఉంచదు, రైతు ఇంజను ఉంచుకోడు, అతనికి మళ్లీ గనులే దిక్కు. నీళ్ల వాల్వు పూర్తిగా మూసి ఇంజను తిప్పించాను. పంపు మీద భారం వెయ్యకుండా కాసేపు ఉత్తినే నడవనిచ్చాం. రైతు నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"పేలిపోద్దేమోనండీ!"

"పేలదు," అన్నాను. నాకూ భయంగానే ఉంది.

డ్రైవరు అరచెయ్యి నీళ్ల పైపు మీద ఆనించి కళ్లు మూసుకున్నాడు. "గోరువెచ్చన... ఇంకొంచెం... ఆ, ఇప్పుడు!" అన్నాడు. వాల్వు చిటికెనవేలంత ధార వచ్చేటంత మాత్రం తెరిచాను. పుస్తకంలో డిగ్రీలు రాసి ఉన్నాయి గానీ, కొలిచే గాజుగొట్టం ఎవరి దగ్గర ఉంది? ఐదు లెక్కపెట్టేలోగా చెయ్యి తీసెయ్యాలనిపించాలి, అది నేను పెట్టుకున్న కొలత. వాల్వు ఇంకాస్త తెరిచి, ఇంకాస్త మూసి, పదిసార్లు చూశాం.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు... అబ్బ! సాకప్పా, ఈడ ఉండనీ," అన్నాడు.

ఆకురాయితో వాల్వు మీద గీత గీశాను. అప్పటికి ఇంజను టకటక తగ్గి, చప్పుడు మెత్తబడింది. పొగ గొట్టంలోంచి వస్తున్నది కనపడీ కనపడనట్టుంది. "ఇప్పుడు మాట బాగా వచ్చింది దీనికి," అన్నాడు డ్రైవరు. నా గుండెల మీది బరువు సగం దిగింది.

మిగతా సగం దిగడానికి రెండు పంటలు పట్టింది. మధ్యలో నాలుగైదుసార్లు పోయి నూనె వేళ్ల మధ్య రాసి చూశాను. నల్లబడింది గానీ జిగురు పోలేదు. ఏడాది తిరిగాక మార్గశిరంలో, మంచు పడుతున్న ఒక ఉదయం పోయి, ఇంజను విప్పాను. లోపల గుడ్డతో తుడిచి, బొటనవేలి గోరు పెట్టి కింది నుంచి పైకి లాగాను. తట్టుకోలేదు. మళ్లీ లాగాను. నున్నగా జారిపోయింది. నమ్మకం కలగక డ్రైవరు చెయ్యి పట్టుకుని అతని గోరు పెట్టించాను.

"ఏమీ లేదు మేస్త్రప్పా. నున్నగా ఉండాది."

ఏడ్చానో నవ్వానో నాకే తెలియదు. అమ్మయ్య అని మాత్రం పైకే అన్నాను. ఎన్నిసార్లు అన్నానో కూడా గుర్తులేదు.

బిగించి నడిపేసరికి ఎండెక్కింది. నా చేతులు, ముఖం, చొక్కా, అన్నీ మసి. దాహమేసి, పాత అలవాటు కొద్దీ గ్లాసు అందుకుని, ఇంజను నీళ్ల పైపు వైపు చెయ్యి చాచాను. డ్రైవరు నా చేతిలోంచి గ్లాసు లాక్కున్నాడు.

"ఈ నీళ్లు ఇంక తాగేదానికి పనికిరావప్పా," అన్నాడు. బక్కెట్టు తెచ్చి ధార కింద పెట్టాడు. నిండాక కాసిన్ని వంక నీళ్లు కలిపి, చెయ్యి పెట్టి చూసుకున్నాడు. "చొక్కా విప్పు. కూర్చో. వీపు రుద్దుతా."

కూర్చున్నాను. పొగలు కక్కే ఆ నీళ్లు నా నెత్తిన అతనే పోశాడు.